గొయ్యి లేని గట్టు

వరదని వదిలేముందు దీవెన తొట్టి గాజుపలకని వేళ్ళతో ఒకసారి తట్టేది. కొత్తగా చేరినవాళ్ళు అదేదో పరీక్ష కాబోలనుకుని తామూ తట్టేవారు. పరీక్షా లేదు, పాడూ లేదు. లోపలున్న మొక్కలని కాస్కోమని చెప్పడం, అంతే. ఏళ్ళ తరబడి ఒకే పని పట్టుకుని వేలాడిన మనిషికి ఇలాంటి పిచ్చి ఒకటీ అరా పట్టుకోకుండా ఉంటుందా!

ఆ ఉదయం కూడా తట్టి, చక్రం తిప్పింది. ఎర్రనీళ్ళు ఉరుక్కుంటూ వచ్చాయి. రెల్లు దుబ్బులు ఒక్కసారిగా వంగి నేలని కరుచుకున్నాయి. వాటి వెనక వావిలి పొదలు ఊగిపోయాయి. అన్నిటికన్నా వెనకనున్న ఏటిపాల చెట్టు నడుందాకా మునిగి కూడా తనకేమీ పట్టనట్టు నిలబడింది. నీళ్ళతో కొట్టుకొచ్చిన ఇసక రెల్లు దగ్గరికి రాగానే జోరు తగ్గి కింద కూర్చుంది. దాని మీద ఒండ్రు పేరుకుంది. భోజనాల వేళకి నీళ్ళు తీసేస్తే ఒండ్రులోంచి తుంగ మొలకలు పచ్చగా తల ఎత్తాయి. సాయంత్రానికి రెల్లు మళ్ళీ లేచి నిలబడి తెల్లగా పూసింది. తొట్టిలో ఒక ఏడాది గడిచిపోయింది.

"ఇరవై రెండో ఏడు కూడా పాసైందండీ" అంది దీవెన.

"నయం. నేను ఇంటర్ పాసవడానికే మూడేళ్ళు పట్టింది" అన్నారు రంగనాయకులుగారు. ఆయన ఆ ఏటిగట్ల పరిశోధన కేంద్రానికి పెద్ద. సంతకాలు పెట్టడం తప్ప మిగతా పనులన్నీ ఇష్టమే ఆయనకి. రోజూ సాయంత్రం కుర్చీ తెచ్చుకుని మరీ తొట్టి ముందు కూర్చునేవారు.

అందరూ దాన్ని కాలం తొట్టి అనేవారు. ఏటిగట్టు నుంచి లారీ తొట్టంత మట్టిపెళ్ళని, వేళ్ళూ విత్తనాలతో సహా, ఇనప పెట్టెలో ఎత్తుకొచ్చి అందులో దించారు. దీవెన తయారుచేసిన చురుకు రసాన్ని వేళ్ళకి పట్టించారు. ఆ రసం తాగిన మొక్క ఏడాది బతుకుని ఒక్క రోజులో బతికేస్తుంది. రాబోయే ఏళ్ళలో ఎండ ఎంత కాస్తుందో, వరద ఎప్పుడు ఎంత వస్తుందో లెక్కలు కట్టి పెట్టుకున్నారు. ఆ ఎండని దీపాలతోనూ, ఆ వరదని పంపులతోనూ తొట్టి మీదకి వదిలితే ముప్పై ఏళ్ళ తర్వాత ఆ గట్టు మీద ఏ మొక్క మిగులుతుందో నెల తిరిగేసరికి కళ్ళముందు ఉంటుంది. గోదావరి గట్టుకి మొక్కే ప్రాణం కాబట్టి, మొక్క సంగతి తెలిస్తే గట్టు సంగతి తెలిసినట్టే.

అసలు పరీక్ష నడిమధ్యలో వచ్చింది. పదో ఏడు దాటాక వరసగా వరద రాని ఏళ్ళు పడ్డాయి. కుర్రవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. దీవెన మాత్రం అనుకోలేదు. వరద లేకపోతే సర్కారు తుమ్మ దిగుతుంది. తుమ్మ నీడన రెల్లు చచ్చిపోతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి వరదకి తుమ్మ వేళ్ళతో సహా లేచిపోతే గట్టుని పట్టుకునే నాథుడు ఉండడు. అనుకున్నట్టే తుమ్మ మొలిచింది, ముళ్ళు విప్పుకుని పెరిగింది, రెల్లు సగానికి సగం ఎండింది. ఆ పైన వరద వచ్చి తుమ్మని పీక్కుపోయింది. మిగిలిన సగం రెల్లు ఆ ఇసకలోంచే పిలకలు వేసుకుంటూ వచ్చి ఖాళీ అంతా కమ్మేసింది. అది చూసి దీవెన ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. ఎందుకంటే ఆ మట్టిపెళ్ళ ఏ ఊరి గట్టుదో కాదు, ఆమె పుట్టిన వావిలిలంకది.

వావిలిలంక గోదావరి రెండు పాయల నడుమ ఉంది. నలభై గడప. అరటి, మిరప, కూరగాయలు, గేదెలు, ఒక చర్చి, జనాన్ని ఏరు దాటించే పంటు ఆగే ఒక రేవు. అన్ని లంకలకీ ఉన్నట్టే దానికీ తలా తోకా ఉన్నాయి. ఎగువ నుంచి ఏరొచ్చి గుద్దుకునే కొస తల. దిగువన ఇసక సాగి సన్నబడే కొస తోక. తల మీద రెల్లు ఎవరూ కొయ్యరు, గేదెల్ని తోలరు. తప్పనిసరై ఒక దుబ్బు తవ్వుకుంటే పొద్దుగూకేలోపల ఆ గోతిలో ఇంకో దుబ్బు పెట్టి తీరాలి. ఈ కట్టుబాటు తప్పితే జరిమానా ఏమీ లేదు. వాళ్ళింట్లో ఎవరూ మంచినీళ్ళు పుచ్చుకోరు, అంతే.

మాఘమాసంలో ఆ తల మీద నుంచే మట్టిపెళ్ళ కావాలని దీవెన అడిగింది. ఇంకెవరైనా అడిగితే పడవ తిరగ్గొట్టి పంపేసేవారు. ఇంటాడపిల్ల అడిగింది. పైగా ఆమె అన్న యోబు హామీ ఉన్నాడు.

"అది లంక కోసవే అడుగుతంది. మన తల మీద ఏం జరగబోద్దో ముందే సెప్పుద్దంట. సెప్పనియ్యండి మరి" అన్నాడు యోబు. లంకలో అందరికన్నా తలకి దగ్గరగా ఉన్నది అతని ఇల్లే.

పెళ్ళ తీసిన రోజున దీవెన కట్టుబాటు మరిచిపోలేదు. గోతిని మంచి మట్టితో పూడిపించింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, పొద్దుగూకేలోపల తన చేతులతో రెల్లు దుబ్బులు వరసగా పాతింది. వదిన మార్తమ్మ కడవలతో నీళ్ళు పోసింది. ఊరందరి ముందూ మాట నిలబెట్టుకున్నందుకు దీవెనకి గర్వంగా కూడా అనిపించింది. ఆ కట్టుబాటు పిడికెడు దుబ్బు కోసం పుట్టింది గానీ లారీ తొట్టంత గోతి కోసం పుట్టలేదని అక్కడ ఎవరికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు.

తొట్టిలో ముప్పయ్యో ఏడు దాటగానే దీవెన దీపాలు తగ్గించి మొక్కల పరుగుని అక్కడితో ఆపింది. ఆ మర్నాడు లంకవాళ్ళు పంటు కట్టించుకుని కేంద్రానికి వచ్చారు. వాళ్ళకో తొందర ఉంది. లంక ఖాళీ చేసి వస్తే ఒడ్డున ఇళ్ళు కట్టిస్తామని సర్కారు అంది. వానలు పడేలోపల అవునో కాదో తేల్చాలి. సగం మంది వెళదామంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. దీవెన ఏం చెబితే అది చేద్దామని రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్నారు.

ఆడవాళ్ళు గాజుపలకకి ముక్కులు ఆనించి చూశారు. సంఘపెద్ద జక్కయ్య తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెట్టుకి వేలాడే పిచ్చుకగూడు తప్ప అన్నీ ఉన్నాయనుకున్నాడో ఏమో, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది మన తలేనమ్మా?"

"మన తలే తాతా. ఇప్పటిది కాదు, ముప్పయ్యేళ్ళ తర్వాతది."

"నేనుండనుగా అప్పటికి. ముందే సూపించేసేవు" అని ముసలాయన నవ్వాడు. వెంటనే నవ్వు ఆపి అడిగాడు. "మరి నిలబడుద్దా?"

"నిలబడుద్ది. నా మాట మీద ఉండండి."

నీళ్ళు నమలకుండా చెప్పింది. తొట్టి అబద్ధం చెప్పదు, ఆమె లెక్క తప్పు కాదు. లంకవాళ్ళు ఉండిపోతామని రాసిచ్చేశారు. యోబు ఆ వారమే ఇంటి వసారాకి కొత్త రేకులు వేయించాడు.

ఆ వేసవి మాత్రం మామూలుగా లేదు. వైశాఖం నుంచే ఇసక మీద కాలు పెట్టలేని ఎండ. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చినా చినుకు లేదు. పాత రెల్లు వేళ్ళు లోతున ఉన్న తడిని తాగి బతికాయి. దీవెన పాతిన దుబ్బులకి అంత లోతు లేదు. మార్తమ్మ మోసిన కడవలు ఏ మూలకీ చాలలేదు. ఆషాఢంలో ఎగువన ఎక్కడో కుండపోతగా కురిసి గోదావరి ఎర్రగా పోటెత్తేసరికి ఆ గోతి మీద ఎండు పుల్లలు తప్ప ఇంకేమీ లేవు.

"తల కోసేత్తందే చెల్లీ" అన్నాడు యోబు ఫోనులో.

దీవెన వెళ్ళేసరికి వరద కాస్త తీసింది. పూడ్చిన మట్టి మొత్తం పోయింది. గోతి ఉన్నచోట ఏరు లోపలికి దూరి సుడి తిరుగుతోంది. రెండు పక్కలా నిలబడి ఉన్న పాత రెల్లు, కాళ్ళ కింద నేల లేక, దుబ్బుకి దుబ్బే జారి నీళ్ళలో పడుతోంది. అలా పడుతున్నప్పుడు చిన్న చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. యోబు ఇంటి వెనక దడికి అది ఎంతో దూరంలో లేదు.

లంకంతా అక్కడే ఉంది. మార్తమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. దీవెన ఆ గ్లాసు వైపు చూసి చెయ్యి చాపలేకపోయింది.

"తాగవే. నిన్నెవరూ వెలేసెయ్యలేదు" అంది మార్తమ్మ.

"వదినా, నేను ఉండమన్నాను."

"అన్నావు. ఉన్నాం. ఇప్పుడేం సెయ్యాలో అదీ సెప్పు. ఎగువన మళ్ళీ పడతన్నాయంట, మూడు రోజుల్లో పెద్ద నీళ్ళొత్తాయంటన్నారు."

దీవెన ఏటి వైపు తిరిగింది. జీవితంలో మొదటిసారి లంక మీద నిలబడి నదిని చూస్తే భయం వేసింది. పిల్లల్నీ గేదెల్నీ ఒడ్డుకి దాటించమని మాత్రం చెప్పి పడవెక్కింది.

కేంద్రానికి వచ్చాక బట్టలు కూడా మార్చుకోకుండా తొట్టి దగ్గరికి వెళ్ళింది. నిన్న లంక మీదకి వచ్చిన వరదనే, అంతే ఎత్తున, అంతే జోరున తొట్టిలోకి వదిలింది. గాజుపలక తట్టడానికి కూడా మనసొప్పలేదు. రెల్లు వంగింది. ఇసక కూర్చుంది. గట్టు ఇసుమంతైనా కదలలేదు. ఇంకోసారి వదిలింది. ఈసారి వేసవి ఎండని కూడా కలిపి వదిలింది. గట్టు అలాగే ఉంది. అక్కడ ఊరు కోసుకుపోతుంటే ఇక్కడ దాని ముక్క నున్నగా, నిబ్బరంగా, పూలు పూసుకుని నిలబడి ఉంది. దీవెనకి దాని మీద కోపం కూడా వచ్చింది.

అదే వరద, అదే ఎండ, అదే ఇసక. తేడా ఎక్కడుంది? తొట్టి చుట్టూ తిరిగింది. నాలుగు మూలలా ఇనప పెట్టె అంచులు కనబడుతున్నాయి. ఆ అంచుల కొలత ఆమెకి కంఠతా వచ్చు. లంక మీద ఏరు దూరిన గోతి మొదట్లో సరిగ్గా అంతే ఉండేది.

అక్కడే చతికిలబడింది. తొట్టి అబద్ధం చెప్పలేదు. తొట్టిలో ఉన్నది గొయ్యి లేని గట్టు. ఈ పెళ్ళ తన చోట తానుంటే లంక ముప్పై ఏళ్ళు నిలబడుతుందని తొట్టి చెప్పింది. ఆ మాట నిజమే. ఆ పెళ్ళని అక్కడ లేకుండా ఎత్తుకొచ్చింది తను. చూడాలని తీసుకొచ్చిన దానివల్లే చూసింది తప్పయిపోయింది. కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, లేచి, రంగనాయకులుగారి గదికి వెళ్ళింది.

"పెళ్ళని వెనక్కి పట్టుకెళ్ళి పెట్టేస్తానండీ."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఏ పెళ్ళ?"

"మనకున్నది ఒకటేగా."

"అమ్మా దీవెనా, వచ్చే నెల పదకొండు నదుల గట్ల మీద పనిచేసేవాళ్ళు వస్తున్నారు దీన్ని చూడ్డానికి. ఇలాంటిది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇంతకుముందు పెట్టిన పెళ్ళలన్నీ చచ్చాయి, ఇదొక్కటే బతికింది. నీ తొమ్మిదేళ్ళ చాకిరీ అది."

"తెలుసండి."

"ఇసక బస్తాలు వేయిద్దాం. రాళ్ళు దింపిద్దాం. నేను ఫోన్లు చేస్తాను."

"బస్తాలు కూడా వేద్దామండి. కానీ బస్తాకి వేళ్ళుండవు. రాయి కింద ఇసక జారితే రాయి కూడా పోద్ది. దీనికి ముప్పయ్యేళ్ళ వేళ్ళున్నాయి. పెట్టెలో చోటు చాలక జడల్లా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. రసం ఇంకా ఒంట్లో ఉంది. గోతిలో దింపి పెట్టె గోడలు లాగేస్తే మూడు రోజుల్లో మూడేళ్ళు పాకుతాయి. పక్కనున్న గట్టుని అవే పట్టుకుంటాయి."

"ఆ తర్వాత మనకేం మిగులుతుంది? ఇంకోటి తవ్వి తెచ్చుకుంటావా?"

"ఎక్కణ్ణించండీ? ఇంకెవరి ఊరికి గొయ్యి పెట్టి?"

రంగనాయకులుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. లేచి వరండాలోకి వెళ్ళి తొట్టి వైపు చూశారు. రోజూ తను కూర్చునే కుర్చీ అక్కడే ఉంది. పంటుకీ క్రేనుకీ కావలసిన కాగితం మీద ఆయన పెట్టిన సంతకం జీవితంలో ఆయన పెట్టిన వాటిలోకెల్లా త్వరగా పెట్టినది. "నేనూ వస్తాను" అన్నారు. నీళ్ళంటే ఆయనకి ప్రాణభయమని కేంద్రంలో అందరికీ తెలుసు. పంటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్టు మీద లైఫ్ జాకెట్టు వేసుకుని వచ్చారు.

మర్నాడు పొద్దున్నే గోదావరి మీద ఒక చెట్టు నడిచి వస్తుంటే లంకవాళ్ళు రేవులో నిలబడి చూశారు. పంటు మీద క్రేను, క్రేను పక్కన ఇనప పెట్టె, పెట్టెలో రెల్లు, వావిలి, ఆ వెనక గాలికి ఊగుతూ ఏటిపాల. కింద కూర్చుని కొమ్మ పట్టుకుని కళ్ళు మూసుకున్న రంగనాయకులుగారు.

"ఎవరండీ ఆయన? పాస్టరుగారా?" అని అడిగాడు జక్కయ్య.

"మా పెద్దసారు తాతా."

"పార్దన సేత్తన్నారేమో అనుకున్నాను."

"అదే చేస్తున్నానండీ" అన్నారు రంగనాయకులుగారు కళ్ళు తెరవకుండానే.

గొయ్యి అప్పటికి పెద్దదైపోయింది. పెట్టె దాని నడుమ దిగినా చుట్టూ మనిషి పట్టేంత సందు ఉంటుంది. దీవెన నీళ్ళలోకి దిగి అందరికీ పనులు పురమాయించింది. ల్యాబులో కూర్చుని మెత్తగా మాట్లాడే మనిషేనా అని అక్కడున్న కుర్రవాళ్ళు ఆశ్చర్యపోయారు. ముందు సందులో వెదురు వాసాలు దిగ్గొట్టారు. అడుగున ఇసక బస్తాలు పరిచారు. క్రేను పెట్టెని ఎత్తింది. సుడి పెట్టెని పట్టి తిప్పేసింది. యోబూ, ఇంకో పదిమందీ మోకులు పట్టుకుని వెనక్కి పడుకున్నంత పని చేసి దాన్ని నిలబెట్టారు. అది నెమ్మదిగా తన గోతిలోకి దిగింది. ఒక్కొక్క గోడా పైకి లాగారు.

గోడ తీయగానే లోపలి వేళ్ళు బయటపడ్డాయి. తెల్లవి, గోధుమరంగువి, చేతికర్రంత లావువి, దారమంత సన్నవి, అన్నీ పెట్టె ఆకారంలోనే మెలికలు తిరిగి ఉన్నాయి. చూసినవాళ్ళందరూ అబ్బా అన్నారు. మార్తమ్మ వాటిని చేత్తో నిమిరింది.

"పాపం, ఎంత ఇరుగ్గా ఉన్నాయే" అంది.

దీవెన చుట్టలని విప్పి, ఒక్కొక్క వేరునీ పక్కగట్టు వైపు తిప్పి ఒండ్రు కప్పడం నేర్పింది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. ఆడవాళ్ళు తోక నుంచి తెచ్చిన రెల్లు దుబ్బులని సందుల్లో కూరారు. వావిలి కొమ్మలు నరికి వాసాల మధ్య అల్లారు. ఆఖరున ఆమె కేంద్రం నుంచి తెచ్చిన సీసాలన్నీ తీసింది. ఉన్న చురుకు రసమంతా అవే. కొత్త రసం తయారవాలంటే ఏళ్ళు పడుతుంది. రంగనాయకులుగారు ఒక సీసా తనే మూత తీసి అందించారు. చెట్టు మొదట్లో మొత్తం పోసేసింది.

మధ్యాహ్నం దాటేసరికి జనం పని ఆపి చూడ్డం మొదలుపెట్టారు. ఒండ్రు కదులుతోంది. వేళ్ళు దాని కింద పాకుతుంటే పైన సన్నని బీటలు పడుతున్నాయి. ఒక బీట పెళ్ళ దగ్గర మొదలై, సందు దాటి, పక్కగట్టు మీద పాత రెల్లు దుబ్బుల దాకా నడిచింది. ఇంకోటి బయల్దేరింది. వాసాల మధ్య కూరిన కొత్త దుబ్బుల నడుమ నుంచి పెళ్ళలోని రెల్లు పిలకలు తలలు బయటపెట్టాయి. చూస్తుండగానే కుర్రవాళ్ళ మోకాళ్ళెత్తు అయ్యాయి.

"ఇదెక్కడి చోద్యవే" అన్నాడు యోబు.

"చోద్యం కాదన్నయ్యా. ఎలాగూ పెరిగేవే. కాస్త పరిగెడుతున్నాయి."

పెద్దనీళ్ళు రెండు రోజుల తర్వాత పట్టపగలు వచ్చాయి. ఎగువన గోదావరి రంగు మారడం, దుంగలు తేలి రావడం, ఏటి చప్పుడు బొంగురుపోవడం దేనికి గుర్తో లంకవాళ్ళకి తెలుసు. అందరూ ఒడ్డుకి దాటారు. దీవెనా యోబూ మాత్రం పడవ కట్టేసుకుని ఇంటి మెరక మీద ఉండిపోయారు. ఎవరు చెప్పినా వినే రకాలు కారని మార్తమ్మ తిట్టి మరీ వెళ్ళింది.

నీళ్ళు తలని ముట్టుకునే ముందు దీవెన బురదలో నడుచుకుంటూ ఏటిపాల దగ్గరికి వెళ్ళింది. దాని మొదలు మీద వేళ్ళతో తట్టి వచ్చింది.

వరద తల మీద పడింది. ముందు రెల్లు పోయింది, అంటే కనబడకుండా పోయింది. తర్వాత వావిలి. ఏటిపాల సగం మునిగి ఒక పక్కకి ఒరిగింది. పెద్ద దుంగ ఒకటి వచ్చి దాన్ని గుద్దింది. దీవెన అన్న చెయ్యి పట్టుకుంది. తొట్టిలో దుంగలు లేవు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తట్టింది. చెట్టు ఇంకాస్త ఒరిగింది, వణికింది, దుంగ దాన్ని ఒరుసుకుని పక్కకి తిరిగి పాయలోకి పోయింది. ఒరిగిన చెట్టు ఒరిగినట్టే ఆగింది.

"ఇది నీ తొట్టిలో చూసేవా?" అన్నాడు యోబు.

"లేదు."

"మరి నిలబడుద్దని ఎలా సెప్పేవు?"

"వేళ్ళు చూసి చెప్పానన్నయ్యా. దుంగల్ని చూసి కాదు."

యోబు పకపకా నవ్వాడు. వారం రోజులుగా ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు. నీళ్ళు వసారా మెట్టుదాకా వచ్చాయి, కొత్త రేకుల మీద వాన దరువు వేసింది, చీకటి పడేలోపల మెట్టు మళ్ళీ బయటపడింది. మర్నాడు చూస్తే తల మీద బెత్తెడు మందాన కొత్త ఒండ్రు మెరుస్తోంది.

మరుసటి నెలలో పదకొండు నదుల వాళ్ళూ వచ్చారు. రంగనాయకులుగారు వాళ్ళకి ఖాళీ తొట్టి చూపించారు. వాళ్ళు ముఖాలు చూసుకుంటుంటే అందరినీ పంటు ఎక్కించి లంకకి పట్టుకెళ్ళారు. ఇకమీదట ఏ గట్టు మీద పెళ్ళ తీసినా, తొట్టిలో దాని ఏళ్ళు నడిచాక, మళ్ళీ వానలు పడేలోపల తీసినచోటే పెట్టాలనీ, పెట్టేదాకా ఆ గట్టు గురించి ఎవరూ నోరు విప్పకూడదనీ అక్కడే చెప్పారు. ఈసారి ఒక్క జాకెట్టే వేసుకున్నారు. దీవెన అప్పటికే కొత్త రసానికి పొయ్యి వెలిగించింది. ఎన్నేళ్ళు పడుతుందని ఎవరో అడిగితే, పట్టినన్ని పడతాయి అంది.

రసం జోరు మూడు నాలుగు రోజుల్లోనే తీరిపోయింది. పెళ్ళలోని మొక్కలు అందరి మొక్కల్లాగే బతకడం మొదలుపెట్టాయి. దీవెన ప్రతి ఆదివారం లంకకి వెళ్ళి చూసేది. పోయిన వారం ఎలా ఉన్నాయో ఈ వారమూ అలాగే ఉండేవి. పొద్దున మొలిచి సాయంత్రానికి పూసే రెల్లుకి అలవాటుపడిన మనిషికి శ్రావణం గడిచి, భాద్రపదం గడిచి, ఇంకా పచ్చగానే ఉన్న రెల్లుని చూస్తే ఊపిరాడేది కాదు.

"ఏడాదంటే ఇంత పొడుగా వదినా?" అంది ఒకరోజు.

"అదంతే ఉంటది. నువ్వు మర్సిపోయేవు" అంది మార్తమ్మ.

ఆశ్వయుజంలో ఒక పొద్దున యోబు ఫోను చేసి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. పడవ పాయ మలుపు తిరగగానే లంక తల కనిపించింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెల్లు తెల్లగా పూసి ఉంది. దీవెన రేవు దాకా ఆగకుండా తల దగ్గరే దిగిపోయింది. ముప్పై ఏళ్ళ రెల్లు ముందు పూసిందో, పాత గట్టు మీదది ముందు పూసిందో చూడాలనుకుంది. ఒరిగిన ఏటిపాలని గుర్తు పెట్టుకుని అక్కణ్ణించి అడుగులు వేసింది. పెళ్ళ అంచు ఇక్కడ ఉండాలి. వంగి దుబ్బులు పక్కకి తీసి చూసింది. ఇంకాస్త ముందుకి వెళ్ళి చూసింది. వెనక్కి వచ్చి చూసింది. పెట్టె కొలత కంఠతా వచ్చిన మనిషికి, తెల్లటి పూల మధ్య నడుం దాకా మునిగి ఎంత వెతికినా, ఆ అంచు దొరకలేదు.